డల్లాస్ నుంచి వచ్చిన పాత టేబుల్ సా, మోటారు 60 హెర్ట్జ్‌ది: కొనొచ్చా?

ఒంగోలు_కడుగోడి:

అందరికీ నమస్తే. మాది ఒంగోలు. ఉండేది బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దాటాక కడుగోడిలో. అద్దె ఇంటికి కారు షెడ్డు ఉంది, కారు లేదు. అందులో ఒక బల్ల వేసుకుని శని, ఆదివారాల్లో పుస్తకాల అరలు, చెప్పుల స్టాండ్లు చేస్తుంటాను. అడ్డకోతలకి ఇబ్బంది లేదు. నిలువు కోత వచ్చిందంటేనే చిరాకు. ఆరడుగుల సిల్వర్ ఓక్ పలకని చేతి సర్క్యులర్ సాతో చీల్చాలంటే పట్టీ బిగించాలి, రెండు చివరలా కొలవాలి, కోశాక మళ్లీ చిత్రిక పట్టాలి. అందుకే టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే రంపం కోసం చూస్తున్నాను.

పక్క అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకటి అమ్మకానికి వచ్చింది. డల్లాస్ నుంచి తిరిగొచ్చేసిన తెలుగువాళ్లే, ఇంటి సామానంతా కంటెయినర్లో తెచ్చుకున్నారు, దీంతో సహా. ఇక్కడికి వచ్చాక ఆన్ చేయలేదట. 18,000 అడుగుతున్నారు.

వెళ్లి చూసొచ్చాను. పైన పోత ఇనుము బల్ల, రెండు పక్కలా జల్లెడలా కన్నాలున్న పోత రెక్కలు. రేకు కాళ్లు. బ్లేడు ఎత్తడానికి ముందు ఒక చక్రం, వంచడానికి పక్కన ఇంకో చక్రం. మోటారు వెనకాల వేలాడుతూ ఉంది, బెల్టుతో తిరుగుతుంది. వెనక రేకు మీద మోడల్ నంబరు సగం చెరిగిపోయింది, "113." వరకూ స్పష్టంగా ఉంది, ఆ తర్వాత 2 ఒక్కటే కనిపిస్తోంది. ముందు క్రాఫ్ట్స్‌మన్ అని ఉంది. మోటారు ప్లేటు మీద 1 హెచ్‌పీ, 120/240 వోల్టులు, 15/7.5 ఆంప్స్, 60 హెర్ట్జ్, 3450 ఆర్‌పీఎం. బ్లేడు 10 అంగుళాలది. బ్లేడు మీద మూత లేదు, "ఎక్కడో ఉండాలి" అన్నారు. బల్ల మీద ఎర్ర తుప్పు, గుంటలు పడలేదు. సాతో పాటు వాళ్లు మిక్సీకి వాడిన 1500 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తామంటున్నారు. మా వీధి ఎలక్ట్రీషియన్ని అడిగితే "110 చేస్తే చాలు సార్, తిరుగుద్ది" అన్నాడు. నాకు ధైర్యం చాలట్లేదు.

ఇది ఏ మోడల్? ఈ ధరకి తగినదేనా? ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుందా?


వీకెండ్_వడ్రంగి:

బ్రో, వదిలెయ్. బాష్ జీటీఎస్ 10 జె గానీ, డివాల్ట్‌ది గానీ కొత్తది తీసుకో. బిల్లు ఉంటుంది, సర్వీసు సెంటర్ ఉంటుంది, బ్లేడు గార్డు పెట్టెలోనే వస్తుంది. ఎత్తి మూలన పెట్టుకోవచ్చు. నీ దగ్గర ఉన్నది అద్దె ఇల్లు. ఆ ఇనప బల్లని రేపు ఇల్లు మారేటప్పుడు ఎవరు మోస్తారు?


రంపపుపొట్టు:

తమ్ముడూ, మాది మదనపల్లె. కామాక్షిపాళ్యలో చిన్న ఫర్నిచర్ షాపు పెట్టుకుని చాలా ఏళ్లయింది. పైన చెప్పినాయన మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఇల్లు మారడం గురించి ఆయన చెప్పింది నిజం, చప్పుడు గురించి చెప్పలేదు. ఆ చిన్న సాలలో ఉండేది బ్రష్ మోటారు, మిక్సీ లాగా అరుస్తుంది. కడుగోడిలో పక్కింటివాళ్లు ఆదివారం పొద్దున ఏమంటారో నువ్వే చూసుకో. నువ్వు చూసినదానిలో ఉన్నది ఇండక్షన్ మోటారు, బెల్టు మీద హుమ్ అని తిరుగుతుంది.

ముందు అదేమిటో చెప్తాను. క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మింది సియర్స్ అనే అమెరికా దుకాణాల కంపెనీ. తయారు చేసింది వేరేవాళ్లు. మోడల్ నంబరులో చుక్కకి ముందున్న మూడంకెలు ఆ తయారీదారుని చెప్తాయి. 113 అంటే ఎమర్సన్ ఎలక్ట్రిక్. 103 అయితే అంతకంటే పాతది, కింగ్ సీలీ వాళ్లది. 315 అని ఉంటే ర్యోబి, అది కనపడితే నన్ను అడగక్కర్లేదు, వదిలేసి రా. 113 సాలు దశాబ్దాల పాటు కొద్దిపాటి తేడాలతో ఇదే రూపంలో వచ్చాయి. మిగతా అంకెలు చెరిగిపోయినా మునిగిపోయిందేమీ లేదు. వింటేజ్ మెషినరీ అనే అమెరికా సైట్లో పాత మాన్యువల్స్ స్కాన్ చేసి పెట్టారు. పోత రెక్కలు, పక్క చక్రం, కాళ్లు చూసి నీదానికి దగ్గరగా ఉన్న 113 మాన్యువల్ ఒకటి దింపుకో, లోపలి బొమ్మలు పనికొస్తాయి. ఆ బ్రాండు 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ చేతికి పోయింది. పాత సా విడిభాగాల కోసం వాళ్ల చుట్టూ తిరగాల్సిన పని లేదు. ఇందులో అరిగేవి బేరింగు, బెల్టు, పుల్లీ. ఇవన్నీ సైజు చెప్పి కొనుక్కునేవే.

ఇంక ధర. మోటారు లేదనుకుని బేరం చెయ్యి. అసలు ఈ సాలో నువ్వు కొంటున్నది మూడే: పైన పోత బల్ల, కింద బ్లేడు తిరిగే ఇరుసు, దాన్ని ఎత్తి వంచే పళ్ల చక్రాలు. ఈ మూడూ బాగుంటే మిగతావన్నీ బెంగళూరులో దొరుకుతాయి. ఈ మూడిట్లో ఒకటి పాడైతే సామాను బజారులో ఇనుము ధరకి ఇచ్చినా నేనైతే తీసుకోను.

చూడటానికి మళ్లీ వెళ్లు. ప్లగ్గు పీకే ఉందా చూసుకుని బెల్టు తీసెయ్. బ్లేడు చేత్తో తిప్పు. గరగర వినిపిస్తే బేరింగు పోయింది, అది పెద్ద ఖర్చు కాదు. ఇరుసు కొసని పట్టుకుని పైకీ కిందికీ ఊపు. కదిలితే బేరింగు మార్చినా కూర్చునే చోటు అరిగి ఉండొచ్చు, అప్పుడు ఆలోచించుకో. బ్లేడు తీసి, అది ఆనుకునే అంచు మీద వేలు పెట్టి తిప్పు, దెబ్బ తగిలిన గుర్తులుంటే తెలుస్తాయి. ఎత్తే చక్రం మొదటి నుంచి చివరి దాకా తిప్పు. బిగుసుకుంటే కంగారుపడకు, అది పాత పొట్టు జిడ్డుతో కలిసి గట్టిపడి ఉంటుంది. పన్ను విరిగితే మాత్రం ఒకే చోట ఠక్కుమని జారుతుంది. బల్ల మీద ఉక్కు స్కేలు నిలబెట్టి మూలమూలకీ వెలుతురు చూడు. పోత ఇనుములో బీట ఉందేమో కాళ్లు బిగించిన మూలల్లో, రెక్కలు కలిసే చోట టార్చి వేసి చూడు. కంటెయినర్లో వచ్చిన సామాను, ఎవరు ఎలా దించారో తెలీదు.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి: వద్దు. 120 వోల్టుల దగ్గర 15 ఆంప్స్ అంటేనే 1800. మోటారు లేచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మిక్సీ డబ్బా దానికి ఆగదు. మిగతాది మోటార్లు తెలిసినవాళ్లు చెప్తారు.


వైండింగ్_బాబాయ్:

పిలిచినట్టే ఉంది కాబట్టి వచ్చాను. పీణ్యలో మోటారు రివైండింగ్ షాపు మాది.

ఇక్కడ అందరూ వోల్టేజి గురించే భయపడతారు. ఈ మోటారుకి వోల్టేజి సమస్యే కాదు. ప్లేటు మీద 120/240 అని ఉంది కదా, లోపల మెయిన్ వైండింగ్ రెండు సగాలుగా ఉంటుంది. పక్కపక్కన కలిపితే 120, ఒకదాని వెనక ఒకటి కలిపితే 240. మూత విప్పితే లోపల బొమ్మ అతికించి ఉంటుంది, రెండు వైర్లు మారిస్తే మన 230కి కలిపినట్టే.

చిక్కు హెర్ట్జ్‌లో ఉంది, అంటే కరెంటు సెకనుకి ఎన్ని ఆవృతాలు తిరుగుతుందో ఆ లెక్క: అమెరికాలో 60, మన దగ్గర 50. దాన్ని ఏ ట్రాన్స్‌ఫార్మరూ మార్చదు. రెండు విధాలా నష్టం. మొదటిది వేగం. 60 మీద 3450 తిరిగేది 50 మీద 2875కి పడిపోతుంది. అది భరించొచ్చు. రెండోది వేడి. మోటారు లోపలి ఇనుముకి వోల్టులని హెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చే అంకె ముఖ్యం. 240ని 60తో భాగిస్తే 4. మన 230ని 50తో భాగిస్తే 4.6. ఇనుము మీద 15 శాతం ఎక్కువ బరువు పడుతుంది, ఖాళీగా తిరుగుతున్నా కరెంటు లాగుతుంది, చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఇంకోటి, మోటారు లేచాక స్టార్టింగ్ వైండింగుని తప్పించే స్విచ్ లోపల ఉంటుంది. అది 60 హెర్ట్జ్ వేగానికి సరిపెట్టినది. ఇక్కడ ఆ వేగం అందుకోవడానికి ఆలస్యమవుతుంది, తడిచెక్కలో బ్లేడు ఇరుక్కుని వేగం తగ్గితే స్విచ్ మళ్లీ కలిసి స్టార్టింగ్ వైండింగు మాడుతుంది. నా దగ్గరికి వచ్చే అమెరికా మోటార్లలో మాడేది ఎక్కువగా ఆ వైండింగే.

అదే మోటారు ఉంచుకోవాలంటే 240 కనెక్షన్ చేసి, 230ని 200కి దించే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. 200ని 50తో భాగిస్తే మళ్లీ 4. వేడెక్కదు. బలం ఆరో వంతు తగ్గుతుంది. మీ ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు 120 కనెక్షన్లో ఉంచి 110 ఇస్తే 2.2 వస్తుంది, ఉండాల్సింది 2. తిరుగుతుంది, నిజమే. ఎంతకాలం అన్నది వేరే.

నన్నడిగితే ఇక్కడి 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 2880 ఆర్‌పీఎంది వేసుకోండి. క్రాంప్టన్, కిర్లోస్కర్, భారత్ బిజిలీ, ఏదైనా. సెకండ్ హ్యాండ్ అయితే వైండింగు రాగిదా అల్యూమినియందా అని అడిగి తీసుకోండి. రెండు జాగ్రత్తలు. మీ పాత మోటారు అమెరికా కొలతది, షాఫ్ట్ 5/8 అంగుళం ఉంటుంది. ఇక్కడి 2 హెచ్‌పీ ఎక్కువగా 90 ఫ్రేములో (మోటారు ఒంటి సైజు నంబరు) వస్తుంది, షాఫ్ట్ 24 మి.మీ. కాబట్టి పాత పుల్లీ ఎక్కదు, బోల్టు కన్నాలు కలవవు. రెండోది బరువు. మోటారు వెనకాల వేలాడుతూ ఉండేది కనుక బ్లేడు వంచినప్పుడు ఆ బరువంతా పళ్ల చక్రాల మీద పడుతుంది. కొనేముందు చేత్తో ఎత్తి చూసుకోండి.

వీఎఫ్‌డీ (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె) పెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. మీ పాత మోటారుకి పెట్టకూడదు, కెపాసిటర్ స్టార్ట్ మోటారు వీఎఫ్‌డీ మీద నడవదు. త్రీ ఫేజ్ మోటారు వేస్తే పెట్టొచ్చు. ఆరు వైర్లు బయటికి వచ్చిన మోటారు చూసి డెల్టాలో కలపాలి. అప్పుడు 60 హెర్ట్జ్ కూడా ఇవ్వొచ్చు. పొట్టు లోపలికి పోకుండా డబ్బాలో పెట్టాలి. ఇంట్లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే అప్పుడప్పుడూ ఊరికే ట్రిప్ అవుతుంది.


ఒంగోలు_కడుగోడి:

బాబాయ్ గారూ, రంపపుపొట్టు అన్నా, చాలా థ్యాంక్స్. ఆ భాగహారం అర్థమయ్యాక టెన్షన్ సగం పోయింది.

మళ్లీ వెళ్లి బెల్టు తీసి చూశాను. బేరింగు గరగరమంటోంది, ఇరుసు ఊగట్లేదు. ఎత్తే చక్రం సగంలో బిగుసుకుంది, ఠక్కుమని మాత్రం అనలేదు. బీటలు లేవు. "మోటారు మీరే ఉంచుకోండి అంకుల్" అన్నాను, ఆయన నవ్వి మోటారుతో సహా 11,000కి ఇచ్చేశారు. ఆ మిక్సీ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం తిరిగి ఇచ్చేశాను. టాటా ఏస్‌లో ఇంటికి చేరింది.

ఇప్పుడు అడుగుతున్నది వరసగా: తుప్పు దేనితో? పళ్ల చక్రాలకి గ్రీజు పెట్టనా? బ్లేడు కన్నం 5/8 అంగుళం, ఇక్కడ చూసినవన్నీ 25.4 లేదా 30 మి.మీ. స్విచ్ ఏది పెట్టాలి?


రంపపుపొట్టు:

గ్రీజు పెట్టావంటే ఆరు నెలలకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతావు. పొట్టు గ్రీజుకి అంటుకుని ముద్దవుతుంది, ఇప్పుడు నీ చక్రం బిగుసుకుంది అందుకే. డీజిలులో పాత టూత్‌బ్రష్షు ముంచి పళ్ల సందుల్లోంచి అంతా తీసెయ్, వైరు బ్రష్షుతో ఒక చెయ్యి వెయ్, ఆరాక గ్రాఫైట్ పొడి గానీ, మైనం గానీ రాయి.

బల్లకి ముందు రేజర్ బ్లేడుతో గీకి పైపొర తీసి, డీజిలు చల్లి స్కాచ్‌బ్రైట్‌తో రుద్దు. మొండిగా ఉన్నచోట 320 ఎమరీ, చెక్క దిమ్మకి చుట్టి. గ్రైండరుకి ఫ్లాప్ డిస్కు తగిలించి మాత్రం దాని మీదికి వెళ్లకు, పల్లాలు పడతాయి. శుభ్రంగా తుడిచి మైనం పట్టించు. కార్ల పాలిష్ వాడితే అందులో సిలికాన్ ఉందేమో చూడు. అది చెక్కకి అంటితే తర్వాత పాలిష్ పట్టదు, చేపకళ్లలా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

బేరింగు బయటికి లాగాక దాని సీలు మీదే నంబరు ఉంటుంది. ఆ నంబరు చెప్పి, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది అడుగు. జేసీ రోడ్డులో దొరుకుతుంది. ధర మరీ తక్కువ చెప్పే చోట కొనకు, పైన పేరు ఒకటి లోపల సరుకు ఒకటి ఉంటుంది. బెల్టు అమెరికా లెక్కలో 4ఎల్, మన ఏ సెక్షన్ దానికి సరిపోతుంది. కొత్త మోటారు ఎక్కించాకే పొడవు కొలువు, ముందు కొంటే రెండోసారి తిరగాలి.

పుల్లీ లెక్క ఒకటుంది. నీ సాకి రెండు పుల్లీలూ ఇంచుమించు రెండున్నర అంగుళాలవి అయితే, మోటారు వైపు మూడంగుళాలది వెయ్. 2880 కాస్తా 3456 అవుతుంది, అమెరికాలో తిరిగిన వేగమే. 2 హెచ్‌పీ మోటారు కాబట్టి ఆ బరువు మోస్తుంది. పాత 1 హెచ్‌పీకి మాత్రం ఈ పని చేయకు. పుల్లీని 24 మి.మీ.కి బోరు చేసి కీ గాడి తీయమని లేతు వాడికి ఇవ్వు, పీణ్య దాకా వెళ్లక్కర్లేదు, మా కామాక్షిపాళ్యలోనే సందుకో లేతు ఉంది. తిరిగే దిక్కు చూసుకో. నీ ఎదురుగా ఉన్న బ్లేడు పళ్లు కిందికి దిగాలి. తిరగబడితే స్టార్టింగ్ వైండింగు రెండు కొసలు మార్చాలి.

బ్లేడుకి బుష్ వేసి నడిపేవాళ్లు ఉన్నారు, నేను వేయను. లోపలి కన్నం, బయటి అంచు ఒకే కేంద్రంలో రాకపోతే బ్లేడు గుడ్డుగా తిరుగుతుంది. మీ బంధువుల్లో అమెరికా నుంచి వచ్చేవాళ్లు లేకపోతే ఆశ్చర్యమే. ఆవకాయ అటు పంపినప్పుడు బ్లేడు ఇటు తెప్పించుకో, 10 అంగుళాలు, 5/8 కన్నం, 40 పళ్లది, చెక్-ఇన్ బ్యాగులో. నిలువు కోతే ఎక్కువైతే 24 పళ్లది ఇంకా మేలు.

స్విచ్‌కి బోరు మోటార్లకి పెట్టే డీఓఎల్ స్టార్టరే పెట్టు, ఆకుపచ్చ, ఎరుపు బటన్లది. సింగిల్ ఫేజ్‌ది అడుగు, ఓవర్‌లోడ్ రిలే నీ మోటారు ఆంప్స్‌కి తగ్గది ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అది లేవదు. మామూలు స్విచ్ ఉంటే, నువ్వు ఇరుక్కున్న ముక్క తీస్తూ ఉండగా కరెంటు వచ్చిందనుకో. ఇంక చెప్పక్కర్లేదు. 16 ఆంప్స్ సాకెట్టు, 2.5 స్క్వేర్ వైరు, ఎర్తు ఉందో లేదో టెస్టు చేయించు. అద్దె ఇళ్లలో ఎర్తు పిన్ను ఉంటుంది, వెనకాల వైరు ఉండదు.


ఒంగోలు_కడుగోడి:

అన్నా, పనయింది. అన్నీ మీరు చెప్పినట్టే. మోటారు కన్నాలు కలవలేదు, 6 మి.మీ. ప్లేటు వేసి పొడుగు కన్నాలు తీయించాను. బ్లేడు మా తోడల్లుడి తమ్ముడు తెచ్చాడు. సిల్వర్ ఓక్ చీల్చితే చప్పుడు తక్కువే గానీ, చివరికి వచ్చేసరికి చెక్క కోసిన అంచు నల్లగా కాలుతోంది, పలక వెనక్కి నెట్టినట్టు అనిపిస్తోంది. బ్లేడు కొత్తదే.


రంపపుపొట్టు:

ఆపెయ్. ఇది సరిచేసేదాకా ఆన్ చేయకు.

వెనక్కి నెట్టడం అంటే బ్లేడు వెనక పళ్లు చెక్కని పట్టుకుంటున్నాయి. ముందు పళ్లు కిందికి దిగుతాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. చెక్క వాటికి తగిలితే లేపి నీ పొట్ట మీదికి విసురుతుంది. బల్లలో మైటర్ గేజి (అడ్డకోతకి చెక్కని ఆనించి తోసేది) జారే గాడికి బ్లేడు సమాంతరంగా లేకపోయినా, ఫెన్సు (నిలువు కోతకి చెక్క ఆనించే పక్క పట్టీ) బ్లేడు వైపు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది.

ప్లగ్గు పీకి, బ్లేడు పూర్తిగా పైకి ఎత్తు. ఒక పన్నుకి మార్కరుతో గుర్తు పెట్టు. గాడిలో జారే మైటర్ గేజికి ఒక చెక్క పుల్ల బిగించి, దాని కొస ఆ పన్నుకి ముందువైపు తగిలేలా చెయ్. అదే పన్నుని చేత్తో వెనక్కి తిప్పి, గేజిని వెనక్కి జరిపి మళ్లీ చూడు. అదే పన్ను కావాలి. వేరే పన్ను చూస్తే బ్లేడు వంకర కూడా లెక్కలోకి వస్తుంది. తేడా 0.1 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే బల్ల కింద ఇరుసు మోసే పోతలు బల్లకి బోల్టులతో బిగించి ఉంటాయి. ముందు ఒక బోల్టు కొంచెం బిగువుగా ఉంచి మిగతావి వదులు చేసి, వెనక పోతని చెక్క సుత్తితో మెల్లగా తట్టు. బిగించేటప్పుడు మళ్లీ జరుగుతుంది, కాబట్టి బిగించాక ఇంకోసారి కొలువు. ఇక్కడే ఓపిక పట్టాలి.

తర్వాత ఫెన్సు. ఆ తరం ఫెన్సులు ముందూ వెనకా రెండుచోట్లా పట్టుకుంటాయి, బిగించేటప్పుడు వెనక కొస పక్కకి పోతుంది. బిగించిన ప్రతిసారీ గాడి నుంచి ముందూ వెనకా టేపుతో కొలిచాకే కోయి. వెనక వైపు వెంట్రుకవాసి ఎడంగా ఉన్నా పర్వాలేదు, దగ్గరగా మాత్రం ఉండకూడదు. ఇది విసుగనిపిస్తే 50 మి.మీ. చదరపు పైపు, ముందు యాంగిల్ వేసి టీ ఆకారంలో ఫెన్సు వెల్డింగ్ చేయించుకో. మా షాపులో నేను వాడేది అదే.

నువ్వు మూత గురించి మళ్లీ రాయలేదు, అంటే దొరకలేదన్నమాట. కనీసం బ్లేడు వెనక చీలిక పలక ఉండాలి, కోసిన చెక్క మళ్లీ మూసుకోకుండా అది ఆపుతుంది. మందం బ్లేడు ఉక్కు కంటే ఎక్కువ, కోత వెడల్పు కంటే తక్కువ. నీ బ్లేడు 3.2 కోత కోస్తే 2.5 మి.మీ. ఉక్కు సరిపోతుంది. బ్లేడు చుట్టూ ఉండే నోటి పలకని 12 మి.మీ. ప్లైవుడ్‌తో కొత్తగా చెయ్, ఆ సాలో అది కూర్చునే మెట్టు లోతు తక్కువ, అందుకని అంచులు అడుగున రౌటరుతో పలచన చెయ్యాలి. చీలిక పలక సాకే బిగించు, ఈ ప్లైవుడ్‌కి కాదు. సిల్వర్ ఓక్ తేమగా ఉంటే చీలుతూనే మూసుకుంటుంది, మైసూరు రోడ్డు టింబరు డిపోల్లో కొన్నదాన్ని కొన్ని వారాలు నిలువుగా ఆరబెట్టి కోయి. బ్లేడుకి ఎదురుగా నిలబడకు, పక్కకి నిలబడు. ముక్కని తోసే కర్ర ఒకటి చేసుకో. చేతికి గ్లవుజులు వద్దు, పన్ను గుడ్డని పట్టుకుంటే వేలితో సహా లాక్కుంటుంది.


ఒంగోలు_కడుగోడి:

వెనక వైపు 0.6 మి.మీ. మూసుకుని ఉంది అన్నా. తట్టి తట్టి 0.1కి తెచ్చాను. ఇప్పుడు కాలట్లేదు, నెట్టట్లేదు. చీలిక పలకకి ఉక్కు రేకు కోయించడానికి ఇచ్చాను, అది వచ్చేదాకా అడ్డకోతలే. టీ ఫెన్సు కొలతలు ఒక ఫోటో పెట్టగలరా?


రంపపుపొట్టు:

రేపు షాపు తెరిచాక పెడతాను. అడ్డకోతలకి ఫెన్సు వాడొద్దు, మైటర్ గేజి మాత్రమే. రెండూ కలిపి వాడితే ముక్క మధ్యలో ఇరుక్కుంటుంది.


వైండింగ్_బాబాయ్:

ఆ పాత ఎమర్సన్ మోటారు పారేయకండి. 200 వోల్టుల మీద గ్రైండరుకో బఫింగుకో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీకు అక్కర్లేకపోతే నాకు చెప్పండి, ఆటో పంపిస్తాను.